పిల్లిగారి నియామకం

ఒకానొక కొలను గట్టున పక్షుల విద్యాపీఠం ఉండేది. ప్రమాదం కంటబడగానే కేకవేసి తోటివారిని హెచ్చరించడం అక్కడి ముఖ్యమైన పాఠం. అందులో అందరికంటే ముందున్న విద్యార్థిని కువలయ అనే తీతువు.

అటువంటి విద్యాపీఠం వారు వసతిగృహానికి వార్డెనుగా ఒక పిల్లిని నియమించారు. కువలయ స్నేహితులను కూడగట్టుకుని, నేర్చిన కేకలన్నీ గొంతెత్తి వేసింది. మర్నాడే విచారణ జరిగింది. పీఠాధిపతి కొంగగారు ఆసీనులయ్యారు. పక్కనే సభ్యురాలి హోదాలో పిల్లి కూర్చుంది.

"నీ కేకలో వంక పెట్టడానికి లేదమ్మా," అన్నారు కొంగగారు మృదువుగా. "కానీ పాఠంలో ఉన్నది ఊహలోని పిల్లి. ఈవిడ మేము నియమించిన పిల్లి."

"కరిచేటప్పుడు ఆ తేడా తెలుస్తుందాండీ?"

"వెటకారం వద్దు. ఈవిడ పావురమని అందరి ముందూ ఒప్పుకో, నీ చదువు సాగుతుంది. లేదా, బహిష్కరణ."

పట్టా అందబోయే వేళ ఒక్క అబద్ధం చాలు. అయినా ఆ మాట గొంతు దాటి రానంది. చివరికి కువలయ పిల్లివైపు తిరిగి వినయంగా అడిగింది.

"తమరే సెలవివ్వండమ్మా. తమరు పావురమేనా?"

పిల్లికి రోషం పొడుచుకొచ్చింది. "నన్ను పట్టుకుని పావురమంటావా? పావురాలను తినే వంశమే మాది!"

కొంగగారు గొంతు సవరించుకుని, గౌరవ సభ్యురాలికి కోపం తెప్పించిన నేరానికి కువలయను బహిష్కరించారు. ఆమె రెక్కలు విప్పింది. ఆమె వెంటే విద్యార్థులందరూ ఎగిరిపోయారు.

క్రమశిక్షణ సంపూర్ణంగా నెలకొన్న ఆ ఆవరణలోంచి వార్డెను గొంతు ఎంతో మర్యాదగా పైకి వినిపించింది.

"అయ్యగారూ, ఈ పూట భోజనానికి ఇక మనమిద్దరమేనాండీ?"