సగం గడ్డం మావయ్య

నా మొదటి నవల మేనత్త చేతిలో పెట్టి, కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతున్నాను. తిడితే పడతాను. నవ్వకపోతేనే చచ్చాను. 'కడుపుబ్బ నవ్వించే నవల' అని అట్ట మీద వేయించాను మరి.

నవలంతా అత్తయ్య మా చిన్నప్పటినుంచీ చెప్పిన కథే. సెలూన్‌లో సగం గడ్డం గీయించుకున్న మావయ్య, వీధిలో పోతున్న సర్కస్ బండిని చూసి, మెడకు కట్టిన గుడ్డతోనే దాని వెంట పరుగెత్తాడట. ఓసారి సింహానికి తల దువ్వుతున్నాడనేది, ఓసారి ఏనుగు మీద కునుకు తీస్తున్నాడనేది. మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం.

ఇప్పుడు అత్తయ్య ఒక్కసారీ నవ్వలేదు. గబగబా పేజీలు తిప్పేస్తోంది. ఆఖరి పేజీ అయిపోయాక అట్ట వెనక కూడా చూసింది.

"కోపమొచ్చిందా అత్తయ్యా?"

"సర్కసూ లేదు, సింహమూ లేదురా. గడ్డం గీయించుకొస్తానని వెళ్ళాడు. అంతవరకే నాకు తెలుసు. మిగతాదంతా మీకోసం కల్పించిందే."

నా కాళ్ళు ఆగిపోయాయి. "నవలంటే కల్పనేగా అత్తయ్యా..." అని నసిగాను.

"మరి అంత కల్పించినవాడివి," అంది మళ్ళీ ఆఖరి పేజీ తెరుస్తూ, "మనిషిని ఇంటికి తీసుకురాలేకపోయావా?"