వెలిగినయా?

స్క్రూ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఆత్మారాం పళ్లు బిగించి స్క్రూడ్రైవర్ తిప్పాడు. అది జారి వ్యాను రేకు మీద పొడుగ్గా గీత పడింది.

"మెల్లగ" అంది భార్య ధనలక్ష్మి, షెడ్డు గుంజకు ఆనుకుని.

"నువ్వు గట్ల నెత్తి మీద నిలవడితె పనెట్లయితది? లోపలికి పో."

ఆమె కదల్లేదు.

కోటగిరి నుంచి బోధన్ బడికి పిల్లల్ని తీసుకెళ్లే వ్యాను అది. బండి ముసలిదైంది. నడిపేవాడూ అంతే. కానీ ఆ రెండో ముక్క ఆయన ముందు అనే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేదు.

గొడవంతా మొన్నటి పొగమంచుతో వచ్చిపడింది. చెరుకు కోతల రోజులు. దారిలో చెరుకు ట్రాలీ ఒకటి మెల్లగా పోతోంది. ఆత్మారాం వ్యాను దాని వెనక జానెడు దూరంలో కీచుమని ఆగింది. వెనక వస్తున్న బైకు వచ్చి వ్యానుకు కొట్టుకుంది. బైకతను మోకాలు పట్టుకుని లేచి, బండికి బ్రేకు లైట్లే లేవని రోడ్డు మీద నలుగురినీ పోగేశాడు. చూస్తే నిజమే. రెండు బల్బులూ మాడిపోయి ఉన్నాయి.

ఆ రోజు నుంచి తల్లులు పిల్లల్ని పంపడం మానేశారు. లైట్లు వేశాకే పంపుతామన్నారు. ఇంకో వ్యానువాడు అప్పుడే ఇంటింటికీ తిరుగుతున్నాడు.

రేపు పొద్దున బండి తీయకపోతే ఇక ఎప్పటికీ తీసేది లేదు. ఆ సంగతి ఆత్మారాంకు తెలుసు. ఆయనకు చాలా భయంగా ఉంది. భయం వేస్తే ఆయన కసురుకుంటాడు.

"గా ట్రాలోడు వెనక ఒక్క లైటన్న పెట్టుకున్నడా? మంచుల ఎవనికి కనబడ్తది? తప్పంత నాదేనాయె!"

"అంకిత ఒర్రినంకనే బ్రేకు కొట్టినవంట" అంది ధనలక్ష్మి. అంకిత వాళ్ల మనవరాలు. రోజూ తాత పక్కన ముందు సీట్లో కూర్చుంటుంది. ఆ రోజు ట్రాలీని చూసి అరిచింది.

"గది ఒర్రకముందే కొట్టిన. పోరిదానికేం ఎరుక?"

స్క్రూ ఊడి టంగుమని కింద పడింది. ఆత్మారాం వంగి నేలంతా తడిమాడు.

"నీ కాలికాడనే ఉంది" అంది ఆమె.

"తెలుసు తియ్. నడుం వంగుతలేదు."

ఆమే వంగి తీసి చేతిలో పెట్టింది. ఎర్ర అద్దం ఊడదీసి, మాడిన బల్బును లోపలికి నొక్కి తిప్పి లాగాడు. కొత్త బల్బు పెట్టె ఆమెకిచ్చి, మీద ఏం రాసి ఉందో చదవమన్నాడు. కళ్లద్దాలు ఇంట్లో మరిచాడట. ఆమె చదివింది. ఆయన బొటనవేలితో బల్బు అడుగున ముట్టుకుంటూ, తిప్పుతూ, చాలాసేపటికి అమర్చాడు.

"కండ్లు మూసుకొని చేస్త నేనీ పని" అన్నాడు మీసం తుడుచుకుంటూ.

ధనలక్ష్మి నవ్వలేదు. ఆమె చూపు ఆయన వేళ్ల మీదే ఉంది.

ఫోన్ మోగింది. పక్క వీధి శైలజ. కొడుకు ఈ వ్యానులోనే బడికి పోతాడు.

"ధనలక్ష్మక్కా, బల్బులు ఏసిండ్రా? రేపు పిలగాన్ని పంపాల్నా?"

"ఏస్తుండు. సూసి నేనే చెప్త" అని ఫోన్ పెట్టేసింది.

రెండో బల్బు కూడా ఎక్కింది. ఆత్మారాం గట్టిగా ఊపిరి వదిలాడు.

"రా, బండెక్కు. బ్రేకు నొక్కు. నేను వెనకకెళ్లి సూస్త."

"జర ఆగు. ఎండల లైటు తెలువది. పొద్దు పోనీ."

ఆయన సణిగాడు. అయినా ఆగాడు. పొద్దు గూకింది. షెడ్డులో మసక కమ్మింది. అప్పుడు ధనలక్ష్మి వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చుంది. తాళం తిప్పింది.

ఆత్మారాం వ్యాను వెనక నిలబడ్డాడు.

"ఊఁ, నొక్కు!"

"వెలిగిందా?"

"ఎడమది వెలిగింది."

"కుడిది?"

"గది సుత వెలిగింది."

ధనలక్ష్మి కిటికీలోంచి తల బయట పెట్టింది.

"మంచిగ సూడయ్యా. పిల్లలెక్కే బండి. నీ మనవరాలు ఎక్కే బండి."

"ఎన్నిసార్లు చెప్పాలె నీకు? రెండు ఎర్రగ మండుతున్నయ్, నిప్పుల లెక్క!"

మళ్లీ ఫోన్ మోగింది. శైలజే.

"అక్కా, వెలిగినయా? పంపాల్నా?"

ధనలక్ష్మి ఫోన్ చెవికి అదుముకుంది.

"పంపకు శైలజా. రేపు బండి రాదు. ఎల్లుండి సుత రాదు. వేరే బండి మాట్లాడుకోండ్రి. అందరికి నువ్వే చెప్పు."

ఆత్మారాం వ్యాను పక్కను చేత్తో తడుముకుంటూ డ్రైవరు తలుపు దాకా వచ్చాడు. కోపంతో ఊగిపోతున్నాడు.

"ఏమే, పిచ్చి లేసిందా నీకు? ఉన్న పని చెడగొడ్తవా? రెండు లైట్లు మంచిగ వెలిగినంక బండికేం రోగమే?"

ఆమె తాళం తీసి కొంగున ముడి వేసుకుంది. కన్నీళ్లు కారిపోతున్నా తుడుచుకోలేదు.

సీటెక్కిన దగ్గర్నుంచీ ధనలక్ష్మి బ్రేకు మీద కాలు పెట్టనే లేదు.