అరటితోట మలుపు

శనివారం కొండ పరుగులో మళ్ళీ మంగుషోయే చివరన వచ్చాడు.

అకాడమీ గేటు దగ్గర సార్జెంట్ ఒపియో ఈల నోట్లోంచి తీశాడు.

"జింకలా బయల్దేరతావు, ఎద్దులా వస్తావు. మొదట్లోనే ఎగేసుకుని పోతే ఊపిరి ఉంటుందా?"

"ఉండదు అఫాండే."

"దుంగ ఎత్తుకో."

చివరివాడికి అదే శిక్ష. దుంగ భుజాన వేసుకుని మైదానం చుట్టూ తిరగాలి. వరసగా మూడు శనివారాలు చివరన వస్తే పెట్టె సర్దుకోవడమే. మంగుషోకి ఇది రెండోసారి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర తోటి క్యాడెట్ బగుమా మొదలుపెట్టాడు.

"మీ ఎల్గాన్ కొండోళ్ళు పరుగులో మెడల్స్ తెస్తారంటగా. నిన్ను పురిట్లోనే ఎవరైనా మార్చేశారేంట్రా?"

బల్ల చుట్టూ అందరూ పగలబడి నవ్వారు.

"ఇంటి దగ్గర ఏం చేసేవాడివి?"

"ఆవుల్ని కాసేవాణ్ణి."

"అదీ సంగతి. వాటి నడకే వచ్చింది."

మంగుషో ముందుపన్ను లేని నోటితో నవ్వి, మొక్కజొన్న పిండి పోషో ముద్ద చిక్కుడు గింజల పులుసులో అద్దుకున్నాడు.

బగుమా ఎగతాళి చెయ్యక ఏం చేస్తాడు? రెండుసార్లూ మంగుషోకి ఒక్కడికే ముందు వచ్చింది తనే. బగుమాకి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. వైద్య పరీక్షలో దాచిపెట్టి చేరాడు. బస్సెక్కించేటప్పుడు నాన్న ఒకటే మాటన్నాడు: "ఆఫీసరువై రా. లేదంటే రాకు."

ఆ మాట, ఆ జబ్బు, రెండూ పక్క మంచం మంగుషోకి తప్ప ఎవరికీ తెలియవు.

మూడో శనివారం కొండ సగం ఎక్కి, అరటితోట మలుపు దాటగానే బగుమాకి ఆయాసం ముంచుకొచ్చింది. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఇక అయిపోయింది అనుకున్నాడు.

"లే. నోటితో కాదు, ముక్కుతో పీల్చు. నేనిక్కడే ఉన్నా." వెనక మంగుషో.

"ఎక్కడికి పోతావులే. నా వెనకేగా నీ బతుకు," అన్నాడు బగుమా రొప్పుతూనే.

అలాగే లేచాడు. అలాగే గేటు చేరాడు. మంగుషో అతని వెనకే చేరాడు.

మర్నాడు మంగుషో పెట్టె సర్దుకుని అందరికీ చెయ్యి కలుపుతూ బగుమా దగ్గరికొచ్చాడు.

"ఎక్కేటప్పుడు తొందరపడకు."

"పరుగు గురించి నువ్వే చెప్పాలి మరి," అన్నాడు బగుమా. చెయ్యి మాత్రం జేబులోంచి తియ్యలేదు.

తరవాతి శనివారం కొండ మీద బగుమా వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

ఆ రోజు దుంగ అతని భుజానికెక్కింది. ఆ పై శనివారమూ అంతే. నవ్వడానికి బల్ల చుట్టూ జనానికి కొత్తవాడు దొరికాడు.

మూడో శనివారం అరటితోట మలుపు దగ్గరే కాళ్ళు మొరాయించాయి. ముందు పోయినవాళ్ళ బూట్ల చప్పుడు కూడా ఆగిపోయింది. దారి పక్కన కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇంటికి ఏ మొహంతో పోవాలి? అసలు పోవడానికి ఇల్లేది?

తోటలోంచి ఒక ముసలావిడ సొరకాయ బుర్రతో నీళ్ళు తెచ్చింది.

"తాగు నాయనా. అవునూ, ఆ పన్ను లేని పిల్లాడు రావడం లేదేం? ఒంట్లో బాగాలేదా?"

"పంపించేశారవ్వా. పరిగెత్తలేడని."

ముసలావిడ అతని మొహంలోకి చూసింది, వేళాకోళం అనుకుని.

"వాడా పరిగెత్తలేనిది? అందరికంటే ముందు ఈ మలుపు తిరిగేది వాడేగా. మీవాళ్ళింకా కిందెక్కడో ఉండగానే వచ్చేసేవాడు. నా తోటలో దూరి, మీరంతా దాటిపోయేదాకా నాకు మొక్కజొన్న ఒలిచి పెట్టేవాడు. ఆయాసమన్నదే ఎరగడు. నువ్వు దగ్గుకుంటూ పోయాక లేచేవాడు."

బగుమా నీళ్ళ బుర్ర కింద పెట్టాడు.

"ఎందుకని అడగలేదా అవ్వా?"

"అడక్కేం. 'దూడ ఒకటి వెనకబడిందవ్వా, దాని వెనక నేను లేకపోతే హైనా లాక్కుపోతుంది' అనేవాడు."