తెల్లగానే ఉన్న అంచు

"ఈయేళ అంచు ఎర్రబడిపోయుంటాదే జలజా, నా గుండె దడదడలాడతంది!" అంటూనే పైడమ్మ కూతురి రవికను బట్టల బుట్టలోంచి తీసింది.

ఆ కాలంలో ఆడవాళ్లందరివీ రొమ్ము గడ్డను పసిగట్టే రవికలే. ఒంట్లో ఎంజైము హార్మోను వండిపెడుతుంది, రొమ్ము కణం మీది రిసెప్టరు దాన్ని అందుకుంటుంది. ఆ వడ్డన మితిమీరి గడ్డ మొదలైతే అంచు ఎర్రబడుతుంది.

అంచు తెల్లగానే ఉంది. "బతికించావు తల్లీ!" అని దండం పెట్టి సబ్బు అందుకుంది. ఇన్నాళ్లూ అంచు తప్ప మరేదీ చూడని ఆమె చెయ్యి చంక దగ్గర ఆగింది. చెమట మరక లేదు. గంజి ఇంకా పెళపెళలాడుతోంది.

"ఇది నువ్వు తొడగనేదు కదే. తొడిగింది ఏదమ్మా?"

కుళాయి కింద బకెట్ నిండి, పొర్లి, నీళ్లు గడప దాకా పారాయి.

"బీరువాలో దాచానమ్మా," అంది జలజ చివరికి. "ఎర్రబడి నాలుగు నెల్లయింది. నువ్వు రోజూ ఇలాగ బయపడతంటే, నిజమేనని ఏ నోటితో చెప్పను?"