మూయని ముగ్గు

కంప్యూటర్ తెర మీద ముగ్గంతా మళ్ళీ ఒక్కసారే ప్రత్యక్షమైంది. ప్రీతి తల పట్టుకుంది.

పక్షవాతంతో ఆమె నాయనమ్మ భూమవ్వకు కుడిచేయి పడిపోయింది. ఇప్పుడు కదపకపోతే ఇక లేవదన్నాడు డాక్టరు. బతిమాలినా, తిట్టినా, “అది సచ్చింది, నన్నిడిసిపెట్టుండ్రి” అనేది భూమవ్వ. తెర మీద ముగ్గు మెల్లగా సాగితే అవ్వ వేలు వెంట నడుస్తుందని పిల్ల ఆశ.

కోరుట్లలో భూమవ్వ వాకిట్లో ముగ్గు చూడందే పక్కింటివాణ్ణైన నేను చాయ తాగేవాణ్ణి కాదు. ఆ చాయ సంగతి పెద్దది, నేను రాస్తున్న ఈ పోస్టుకార్డు చిన్నది.

“గీ జావా ప్రోగ్రాం నా పాణం తీస్తుంది తాతా! గీతకు గీతకు నడుమ ఆగమంటే తెర మొత్తమే ఆగుతుంది,” అంది ప్రీతి నాతో.

చివరికి టైమర్ పెట్టింది. తెల్లగీత చుక్కల చుట్టూ నింపాదిగా తిరిగింది. భూమవ్వ చేయి ఒళ్ళోనే ఉంది. ఆఖరి వంపు దగ్గర గీత ఆగిపోయింది. లెక్కలో ఒకటి తక్కువ రాసిందట.

“అయిపాయె. ఇగ నాతోని కాదు,” అని ప్రీతి ఏడ్చింది.

“మూయకుంట ఇడుస్తరానే ముగ్గు? ఇంటికి మంచిదా?” ముద్దముద్దగా గొణిగింది భూమవ్వ. ఒళ్ళోని కుడిచేయి లేచి, మిగిలిన సందును వేలితో మూసింది.

మర్నాడు ప్రీతి తప్పు దిద్దింది. ముగ్గు చక్కగా మూసుకుంది. “మంచిగున్నది,” అంది భూమవ్వ. చేయి కదల్లేదు.

ప్రీతి ఆ తప్పును తిరిగి పెట్టేసింది. ఇప్పుడు గీతను రోజురోజుకూ ఇంకాస్త ముందే ఆపుతోంది.