ఆదివారపు లాప్‌టాప్

“మూత మూసి తెరవండి. నిద్రలేస్తుందో లేదో చూద్దాం,” అంది నీబియా.

అమీల్కర్ నవ్వాడు. మామూలుగా ఆ మాట అనాల్సింది తను. నాలుగు ఆదివారాలుగా పక్కన నిలబడి చూస్తోంది కదా, పట్టేసిందనుకున్నాడు.

మోంటెవిడియో నగరంలో ఆదివారం సంతలో చోలా అనే ఆవిడ పాత లాప్‌టాప్‌లు అమ్ముతుంది. బస్సుల మెకానిక్ అమీల్కర్ ఆ కొట్టు దగ్గర కూర్చుని, పెన్‌డ్రైవ్‌తో లినక్స్ అనే ఉచిత సిస్టమ్ ఎక్కించి చూపిస్తూ, ఏది కొనాలో ఊరికే సలహా ఇస్తాడు. భార్య విడిచి వెళ్లాక అతనికి ఆదివారం గడిచే దారి అదొక్కటే. ఈ మధ్య మాత్రం నీబియా వస్తుందేమోనని ఎదురుచూడటం మొదలుపెట్టాడు. ఆమె ఒంటరి మనిషి, కొత్తగా రిటైరైంది. ఈ రోజు ఏదో ఒకటి కొనేస్తే ఇక రాదు. అదే అతని బెంగ.

“ఈ బూడిదరంగుది తీసుకోండి,” అన్నాడు. “వైఫై, కెమెరా, సౌండు అన్నీ ఒక్కసారికే పనిచేశాయి. టెరో కూడా దీనికి పదికి పది ఇచ్చాడు.”

“మాటకు ముందు టెరో, వెనక టెరో. దేవుడా ఏంటి?”

“నాకంతే. ఏ లాప్‌టాప్‌లో లినక్స్ కుదురుతుందో, ఏది మొరాయిస్తుందో స్వయంగా పరీక్షించి నెట్‌లో రాస్తాడు. టెరో అన్న ఆ పిట్ట పేరు తప్ప అసలు మనిషి ఎవరో ఎవరికీ తెలీదు. ఆయన వద్దన్నది నేను ముట్టుకోను.”

“మరి ఈ ఎర్రదాన్ని ఏమన్నాడు?”

“దండగ అన్నాడు. దీని వైఫై లినక్స్ మాట వినదు. ఇవాళ సరిచేస్తే వారానికి మళ్లీ మొదటికొస్తుంది.”

“వచ్చినప్పుడల్లా?”

“నా దగ్గరికి తేవాలి.”

ఆ మాట అనేశాక అతని చెవులు వేడెక్కాయి. నీబియా పక్క బల్ల మీది పుస్తకాలు చూస్తుండగా చోలా అతని దగ్గరికొచ్చి గొణిగింది.

“ఎర్రది అంటగట్టవయ్యా, పిచ్చి మారాజా. ప్రతి ఆదివారం నీ ఎదుటే ఉంటుంది.”

అమీల్కర్‌కి ఆశ పుట్టింది. చేదు ఆకు వేసిన సొరకాయ బుర్రలో ఫ్లాస్కులోంచి వేడినీళ్లు పోసి, ఆ మాతే టీ నీబియాకి అందించాడు. ఆమె గొట్టంతో పీల్చి, ఖాళీ బుర్రను అతనికి తిరిగి ఇచ్చింది. మాతే తాగేవాళ్లు థ్యాంక్స్ అంటే ఇక చాలని; ఆమె అనలేదు, అంటే ఇంకోటి పోయమని. అలాంటి మనిషిని మోసం చెయ్యడానికి అతనికి మనసొప్పలేదు.

“బూడిదరంగుదే తీసుకోండి. మళ్లీ నాతో పని పడదు,” అన్నాడు. చెప్పడం కష్టంగానే ఉంది.

నీబియా అతని ముఖం వంక కాసేపు చూసింది.

“ఎర్రది ఇచ్చేయండి, చోలా. రంగు బాగుంది.”

“అయ్యో, రంగు చూసి కొనేవాళ్లను టెరో ఏమంటాడో తెలుసా? గాడిదలంటాడు,” అన్నాడు అమీల్కర్.

“నోటిదురుసు ఎక్కువే,” అంటూ ఆమె డబ్బు తీసింది.

తర్వాతి ఆదివారం వైఫై పోయిందంటూ రానే వచ్చింది. ఆ పై ఆదివారమూ అంతే. అమీల్కర్ గంటసేపు తంటాలు పడి సరిచేసేవాడు. ఈలోగా మాతే, కబుర్లు, చోలా వేయించిన తోర్తా రొట్టెలు. చోలా ఆమెకోసం ఓ స్టూలు కూడా వేసింది. అతనికి బాగా సంతోషంగా ఉండేది. ఇంటికెళ్లాక సిగ్గేసేది. ఆమె అవస్థ మీద తను పండగ చేసుకుంటున్నట్టే కదా.

నెల తిరిగేసరికి తట్టుకోలేక టెరోకి నెట్‌లో ఉత్తరం రాశాడు.

“అయ్యా, నా మాట వినకుండా ఒకావిడ ఆ ఎర్ర లాప్‌టాప్ కొన్నారు. మంచి మనిషి. దానికి శాశ్వతంగా ఏదైనా మందుంటే చెప్పండి. బాగైతే ఆవిడ ఇక రారు, అది నాకు చాలా బాధ. అయినా చెప్పండి, చేసేస్తాను.”

రెండు రోజులకు జవాబొచ్చింది.

“మందు లేదు. ప్రతి ఆదివారం తెమ్మనండి. మాతే కొంచెం చేదు తగ్గించండి.”

ఆ జవాబు పంపించి, నీబియా ఆదివారానికి గౌను ఇస్త్రీ చేసుకుంది.