గౌను కింద బంతి

"నా గౌను అంచు తగిలి బంతి కదిలింది. తప్పు కింద నా లెక్కలో ఒక దెబ్బ కలపండి," అంది ఎల్స్పెత్.

స్కాట్లాండు సముద్రపు ఒడ్డున ఆడవాళ్ళ అమెచ్యూర్ గోల్ఫ్ తుదిపోటీ. చివరి గుంత దాకా ఎల్స్పెత్, ఫ్లోరా ఇద్దరూ సమానం.

ఫ్లోరా సంచి మోసే ముసలి డంకన్ ఆమె చెవి దగ్గరకు వంగి నవ్వాడు. "పిచ్చిపిల్ల! అన్ని కుచ్చెళ్ళ కింద ఎవడికి కనబడిందంట? కొట్టండమ్మగారూ, మూడో ఏడూ కప్పు మనదే."

ఫ్లోరా బంతి గుంతకు జానెడు దూరంలో ఉంది. ఆమె కర్ర ఎత్తబోయి ఆగింది.

"డంకన్, ఏడో గుంత దగ్గర నా బంతీ ఇలాగే కదిలింది."

అతని మొహంలో నవ్వు పోయింది. "ఊరుకోండమ్మా. అది నేనొక్కణ్ణే చూశాను."

"నేనూ చూశాను కదా."

ఫ్లోరా వంగి, బంతిని చేత్తో తీసేసి ఆట వదులుకుని, గెలుపు ఒప్పజెప్పడానికి ఎల్స్పెత్ వైపు నడిచింది.